పరాయి పొలంలో యాప్ సేద్యం

సామాజిక మాధ్యమాల మీద ఆధారపడి విజయవంతమైన యాప్‌ను ఎలా నిర్మించాలి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేవారికి మన దేశంలో కొదవ లేదు. ఆలోచన కొత్తగా ఉండాలంటారు. ఒక వినియోగదారుడు మరో పదిమందిని వెంట తెచ్చేలా దాన్ని మలచాలంటారు. పోటీదారు కన్నా ముందే రంగంలోకి దిగాలంటారు. స్టార్టప్ సదస్సుల వేదికలెక్కే రాజకీయ నాయకులు కూడా ఈ పాఠాన్నే వల్లెవేస్తారు. పాఠంలో అబద్ధమేమీ లేదు. కానీ అందులో ఒక అధ్యాయమే గల్లంతయింది. ఆ యాప్ నిలబడిన నేల ఎవరిది? ఆ నేల యజమాని రేపు ఉదయం మనసు మార్చుకుంటే, నష్టం జరగకముందే అతడి చేయి పట్టుకుని ఆపగల చట్టం ఏది?

భారతదేశంలో అలాంటి చట్టం లేదు. ఇది డెవలపర్ల వ్యాపార సమస్య మాత్రమేనని, రాజకీయాలు రాసుకునేవారికి దీనితో పనేమిటని కొందరు అనుకోవచ్చు. నా వాదన సరిగ్గా ఇందుకు భిన్నం. ఇది ముందు రాజకీయ సమస్య, ఆ తరువాతే వ్యాపార సమస్య.

2007 మే 24న శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ జుకర్‌బర్గ్ తన ఫేస్‌బుక్‌ను బయటి డెవలపర్లకు తెరిచాడు. ఎవరైనా వచ్చి యాప్ కట్టుకోవచ్చు, ప్రకటనల ఆదాయం సంపాదించుకోవచ్చు, ఫేస్‌బుక్ సభ్యుల స్నేహబంధాల గుండా ఆ యాప్ ఊరూవాడా పాకిపోవచ్చు అన్నది నాటి ఆహ్వానం. ఇందుకు సాధనం ఏపీఐ. అంటే ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌ను సమాచారం అడిగి తెచ్చుకునే ద్వారం. ద్వారం తెరిచినవాడికి దాన్ని మూసే అధికారం కూడా ఉంటుందని ఆ ఉత్సాహంలో ఎవరికీ తోచలేదు.

మొదటి పెద్ద విజయాల్లో ఒకటి మన కోల్‌కతాది. రజత్, జయంత్ అగర్వాలా సోదరులు స్క్రాబుల్ తరహా పదాల ఆటను 'స్క్రాబ్యులస్' పేరుతో ఫేస్‌బుక్ మీదికి తెచ్చారు. రోజుకు ఐదు లక్షల మందికి పైగా ఆడేవారు. స్క్రాబుల్ హక్కులు అమెరికా, కెనడాల్లో హాస్‌బ్రోవి, మిగతా ప్రపంచంలో మాటెల్‌వి. రెండు సంస్థలూ అభ్యంతరం చెప్పాయి. 2008 జులైలో హాస్‌బ్రో న్యూయార్క్ కోర్టుకెక్కింది. రోజుల వ్యవధిలోనే అమెరికా, కెనడాల్లో ఆట ఆగిపోయింది. ఆగస్టులో మాటెల్ కోరిక మేరకు మిగిలిన దేశాల్లోనూ ఫేస్‌బుక్ దాన్ని తొలగించింది. ఒక్క దేశంలో మాత్రం తొలగించలేదు. అది భారతదేశం. కారణం, ఇక్కడ ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడుస్తోంది.

ఆ వ్యాజ్యంలో తీర్పు సెప్టెంబరులో వచ్చింది. పేరు మాటెల్ ట్రేడ్‌మార్కుకు భంగకరమేనని కోర్టు చెప్పింది. ఆట పలక మీద కాపీరైటు ఉందన్న వాదనను మాత్రం అంగీకరించలేదు. అంటే పేరు తప్పు, ఆట తప్పు కాదు. సోదరులు పేరు మార్చి 'లెక్సులస్'గా కొనసాగారు. ఇక్కడ మనం గమనించవలసింది గెలుపోటములను కాదు. న్యాయస్థానం రెండు పక్షాలను విన్నది, తప్పునూ ఒప్పునూ విడదీసింది, కారణాలు రాసింది. వేదిక యజమానికి అంత ఓపిక అవసరం లేకపోయింది. ఎక్కడ వ్యాజ్యం తేలవలసి ఉందో అక్కడ మాత్రమే ఆ యాప్ ఊపిరి నిలిచింది. మిగతా చోట్ల తీర్పు కన్నా ముందే వేటు పడింది. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ఆగస్టు నెలలో ఉంది.

తరువాతి కథ పేరులోనే వ్యవసాయం ఉంది. జింగా సంస్థ 2009 జూన్‌లో తెచ్చిన ఫార్మ్‌విల్‌ను ఒక దశలో నెలకు 8 కోట్లకు పైగా జనం ఆడారు. లేని పొలంలో లేని విత్తులు చల్లి, స్నేహితులను పిలిచి నీళ్లు పెట్టించుకున్న ఆట అది. ఆటగాళ్ల పొలం కల్పితం. జింగా సేద్యం చేస్తున్న పొలం మాత్రం నిజం, దాని పట్టాదారు ఫేస్‌బుక్. యాప్‌లు పంపే నోటిఫికేషన్లను 2010 మార్చిలో ఫేస్‌బుక్ నిలిపివేసింది. వాటి తాకిడికి విసిగిపోయిన సభ్యులు సంతోషించిన మాట నిజమే. కానీ ఆ దారినే నమ్ముకుని పెరిగిన వ్యాపారాలను సంప్రదించవలసిన బాధ్యత ఎవరికీ లేదు. 2011 జులై 1 నుంచి ఫేస్‌బుక్ మీది ఆటలన్నీ దాని సొంత 'క్రెడిట్స్' ద్వారానే సొమ్ము వసూలు చేయాలన్న నిబంధన వచ్చింది. అందులో 30 శాతం ఫేస్‌బుక్‌ది. అప్పటికి జింగా ఆదాయంలో 90 శాతానికి పైగా ఫేస్‌బుక్ మీద నుంచే వచ్చేది. 2011లో ఫేస్‌బుక్ ఆదాయంలో 12 శాతం జింగా నుంచి వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు అవసరమే. అయితే షరతులు రాసే కలం ఒకరి చేతిలోనే ఉంది. 2011 డిసెంబరులో 10 డాలర్లకు అమ్ముడుపోయిన జింగా వాటా ఏడాది తిరగకముందే 3 డాలర్ల లోపుకు పడిపోయింది. పతనానికి జింగా సొంత తప్పిదాలు కూడా కారణమే. కానీ తప్పు చేసి తేరుకునే అవకాశం సొంత నేల ఉన్నవాడికే ఎక్కువ.

తెలుగు పాఠకులకు దీన్ని వేరే విడమరచనక్కర్లేదు. కౌలు అంటే ఏమిటో మనకు తెలుసు. నోటి మాట మీద సాగే కౌలులో పంట బాగా పండటమే కౌలుదారుకు ప్రమాదం. దిగుబడి చూసిన యజమాని కౌలు పెంచుతాడు, లేదా ఈ ఏడు నేనే దున్నుకుంటానంటాడు. వేదికల మీద యాప్‌ల చరిత్ర కూడా ఇదే. విఫలమైన యాప్ జోలికి ఎవరూ పోరు. సఫలమైనదాని మీదే కన్ను పడుతుంది.

ఇది ఊహ కాదు, కాగితాల మీద ఉన్న సంగతి. బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి 2018 డిసెంబరులో ఫేస్‌బుక్ అంతర్గత పత్రాలను బయటపెట్టింది. ట్విటర్ 2013 జనవరిలో వైన్ అనే చిన్న వీడియోల యాప్‌ను విడుదల చేసిన నాడే, ఫేస్‌బుక్ స్నేహితులను వెతుక్కునే దారిని దానికి మూసేయాలన్న ప్రతిపాదన జుకర్‌బర్గ్ ముందుకు వెళ్లింది. ఆయన ఒక్క ముక్కలో ఆమోదించాడు. అదే సమయంలో కొన్ని పెద్ద సంస్థలకు మాత్రం, ఇతరులకు మూసిన ద్వారాలను తెరిచి ఉంచిన ఉదంతాలు ఆ పత్రాల్లో ఉన్నాయి. పోటీదారుకు తాళం, ఇష్టుడికి తాళంచెవి.

ఆ పత్రాలు వెలువడే వేళకే, తన ప్రధాన సేవలను పోలిన యాప్‌లకు ద్వారం నిరాకరించే నిబంధనను ఫేస్‌బుక్ ఎత్తేసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో దావా వేసినప్పుడు ఈ ఆరోపణ కూడా అందులో ఉంది. నిబంధన ఎప్పుడో రద్దయింది గనుక ఆ భాగాన్ని విచారణకు అనుమతించలేనని న్యాయమూర్తి 2022 జనవరిలో తేల్చారు. మిగిలిన దావా కూడా 2025 నవంబరులో ఆ కోర్టులో వీగిపోయింది. వేటు వేయడానికి క్షణం పట్టింది. దాని మీద ప్రశ్న వేయడానికి ఏళ్లు పట్టింది. ప్రశ్న కోర్టుకు చేరేసరికి కాలదోషం పట్టింది.

ఫేస్‌బుక్ ఒక్కటే దోషి కాదు. ట్విటర్‌కు పిట్ట బొమ్మను, 'ట్వీట్' అన్న మాటను అలవాటు చేసింది ట్విటరిఫిక్ అనే బయటి యాప్. ట్విటర్ తన ఐఫోన్ యాప్‌ను తయారు చేసుకోలేదు, 2010లో ట్వీటీ అనే బయటి యాప్‌ను కొనుక్కుంది. అలా పరుల చెమటతో పెరిగిన సంస్థ 2023 జనవరిలో ముందస్తు మాట లేకుండా అలాంటి యాప్‌లన్నిటి ద్వారాలూ మూసింది. ఫిబ్రవరిలో ఉచిత ఏపీఐకి ముగింపు పలికింది. వరదల వేళ హెచ్చరికలు పంపే చిన్న చిన్న సాధనాలు మొదలు విశ్వవిద్యాలయాల పరిశోధనల వరకూ నెలకు 100 డాలర్ల నుంచి 5,000 డాలర్ల దాకా, ఆపైన కూడా చెల్లించవలసిన స్థితి వచ్చింది. అదే ఏడాది రెడిట్ రుసుములు పెంచడంతో అపోలో అనే ప్రసిద్ధ యాప్ జూన్ 30న మూతపడింది. 2025 అక్టోబరులో వాట్సాప్ తన వ్యాపార ఏపీఐ నిబంధనలు మార్చి ఇతరుల ఏఐ సహాయకులకు 2026 జనవరి 15 గడువు పెట్టింది. ఓపెన్‌ఏఐ, మైక్రోసాఫ్ట్ తప్పుకున్నాయి. మెటా సొంత ఏఐ మాత్రం అక్కడే ఉంది. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ డిసెంబరులోనే దీన్ని నిలిపివేయమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గడువు ముగియకముందే ఇచ్చింది. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి.

ఇక రాజకీయంలోకి వద్దాం. వేదికల మీద నిలిచిన సాధనాలన్నీ ఆటలు కావు. క్రౌడ్‌టాంగిల్ అలాంటి ఒక సాధనం. ఏ పోస్టు ఏ పేజీలో మొదలైంది, ఏ పేజీలు దాన్ని ఎత్తుకున్నాయి, ఎంత వేగంగా వ్యాపించింది అన్నది పాత్రికేయులు, పరిశోధకులు దానిలో చూసేవారు. 2016లో ఫేస్‌బుక్ దాన్ని కొనేసింది. 2024 మార్చి 14న దాన్ని మూసేస్తున్నట్టు మెటా ప్రకటించింది. రెండు రోజుల తరువాత, మార్చి 16న, మన ఎన్నికల సంఘం లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించింది. ఆగస్టు 14న సాధనం మూతపడింది. ఆ వెంటనే జమ్మూ కశ్మీర్, హర్యానా, మహారాష్ట్ర, ఝార్ఖండ్ శాసనసభ ఎన్నికలు జరిగాయి. సెప్టెంబరులో శ్రీలంక అధ్యక్ష ఎన్నిక జరిగింది. 2018లో ముస్లింల మీద దాడుల వేళ తన వేదిక దుర్వినియోగమైనందుకు ఫేస్‌బుక్ 2020లో క్షమాపణ చెప్పుకున్న దేశం అది. కొత్తగా తెచ్చిన 'కంటెంట్ లైబ్రరీ' విద్యాసంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు మాత్రమే. మామూలు వార్తాపత్రికకు అందులో చోటు లేదు. కోట్ల మంది ఓటర్లు ఏం చదువుతున్నారో చూసే కిటికీ ఎవరి ఇంటి గోడకుందో వాళ్లే దానికి తలుపు బిగించారు.

ఇక్కడ ఎదుటి వాదన ఒకటి వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ద్వారాలు బార్లా తెరిస్తే ఏమవుతుందో కేంబ్రిడ్జ్ అనలిటికా చూపలేదా అన్నది ఆ వాదన. చూపింది. ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ను భారతదేశంలో 335 మంది మాత్రమే వాడారు. వారి స్నేహితుల ద్వారా మొత్తం 5,62,455 మంది భారతీయుల సమాచారం చేతులు మారి ఉండవచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. ప్రపంచం మొత్తం మీద ఈ సంఖ్య 8.7 కోట్లు. కానీ ఆ కుంభకోణంలో ద్వారం కొలతలు నిర్ణయించింది ఎవరు? స్నేహితుడి అనుమతితో నా సమాచారం ఇవ్వవచ్చునన్న నిబంధన రాసింది ఎవరు? వేదిక యజమానే. తెరవడమూ ఆయన ఇష్టమే, మూయడమూ ఆయన ఇష్టమే కావడం వల్ల వచ్చిన ప్రమాదం అది. ఆ ప్రమాదాన్ని చూపించి మూసివేతకు సర్వాధికారం ఇమ్మనడం, కంచె చేను మేసిందని చేనంతా కంచెకే రాసిమ్మనడం లాంటిది. నా సమాచారం తీసుకోవాలంటే నా అనుమతి కావాలి, స్నేహితుడిది కాదు. దాన్ని చట్టం చెప్పాలి. బహిరంగ పోస్టులు ఎలా వ్యాపిస్తున్నాయో చూడటానికి నా అంతరంగ సమాచారంతో పనే లేదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం వేదికలకు లాభం.

మరి మన ప్రభుత్వం, ప్రతిపక్షం ఏం చేశాయి? 2018 మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా కథ బయటపడగానే బీజేపీ, కాంగ్రెస్ ఆ సంస్థ సేవలు వాడుకున్నది మీరంటే మీరని తిట్టుకున్నాయి. అవసరమైతే జుకర్‌బర్గ్‌ను పిలిపిస్తామని నాటి ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్ హెచ్చరించారు. సీబీఐ కేసు పెట్టింది 2021 జనవరిలో. ఆ ఫిబ్రవరిలోనే కొత్త ఐటీ నిబంధనలు వచ్చాయి. దేశంలో వాట్సాప్‌కు 53 కోట్ల మంది, ఫేస్‌బుక్‌కు 41 కోట్ల మంది వినియోగదారులున్నారని ఆ సందర్భంగా ప్రభుత్వమే లెక్క చెప్పింది. అంతటి బలమున్న సంస్థలను ప్రభుత్వం ఏమడిగింది? మేము చెప్పిన పోస్టు తీసేయమంది. సందేశాన్ని మొదట పంపినవాడెవరో చెప్పమంది. ఫిర్యాదులు వినే అధికారిని పెట్టమంది. చిన్న డెవలపర్‌కు న్యాయమైన షరతులతో ద్వారం తెరవమని అడగలేదు. ఎన్నికల వేళ పరిశోధకులకు కిటికీ తెరిచి ఉంచమని అడగలేదు. పౌరుడి నోరు మూసే తాళంచెవి తనకూ ఒకటి ఇమ్మంది తప్ప, ప్రజలకు తలుపు తెరవమనలేదు.

2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లులో, నా సమాచారాన్ని ఒక వేదిక నుంచి మరో చోటికి తరలించుకునే హక్కు ఉండేది. 2023లో చట్టమైన రూపంలో ఆ హక్కు మాయమైంది. పెద్ద డిజిటల్ సంస్థలను ముందుగానే కట్టడి చేసే చట్టం కావాలని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2022 డిసెంబరులో సిఫారసు చేసింది. 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా వచ్చింది. అది చట్టం కాలేదు. ఇప్పుడున్న 2002 నాటి పోటీ చట్టం నష్టం జరిగాక విచారణ చేపడుతుంది. వాట్సాప్ 2021 గోప్యతా విధానం మీద అదే ఏడాది మొదలైన విచారణ మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానాగా తేలేసరికి 2024 నవంబరు వచ్చింది. మూడున్నరేళ్లు బతికే చిన్న యాప్ ఎక్కడుంది?

ఇది చేతకాని దేశం కాదు. ఒకప్పుడు చేసి చూపించింది. ఫ్రీ బేసిక్స్ పేరుతో ఫేస్‌బుక్ పేదలకు ఉచిత ఇంటర్నెట్ ఇస్తానన్నప్పుడు, దాని షరతులకు లోబడిన సేవలే అందులో చేరతాయన్న సంగతి ఇక్కడి పౌరులు గ్రహించారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది. అదే ఏడాది యూపీఐ వచ్చింది. ఏ బ్యాంకు ఖాతాదారుడైనా ఏ యాప్ నుంచైనా ఎవరికైనా డబ్బు పంపవచ్చు. అక్కడ కూడా ఫోన్‌పే, గూగుల్ పే చేతుల్లో లావాదేవీల్లో 80 శాతానికి పైగా ఉన్నాయి. ఏ యాప్‌కూ 30 శాతం మించరాదన్న పరిమితి గడువు 2026 చివరి దాకా వాయిదా పడింది. అంటే నేల ఉమ్మడిదైనంత మాత్రాన పంట సమానంగా పండదు. కానీ పోటీదారు యాప్ నుంచి వచ్చిన రూపాయిని ఆపే అధికారం అక్కడ ఫోన్‌పేకు లేదు. వాట్సాప్‌కు తన నేల మీద ఆ అధికారం ఉంది. తేడా సాంకేతికతది కాదు, నియమానిది.

కనుక కావలసినవి మూడు. కోట్లాది వినియోగదారులున్న వేదికలు ఏపీఐ షరతులను అందరికీ ఒకే రకంగా ప్రకటించాలి. మార్చాలంటే ముందస్తు గడువు, కారణం, అప్పీలు ఉండాలి. పౌరుడికి తన సమాచారాన్ని, పరిచయాలను తరలించుకునే హక్కు తిరిగి రావాలి. బహిరంగ పోస్టుల వ్యాప్తిని పరిశీలించే అవకాశం పరిశోధకులకే కాక పాత్రికేయులకూ చట్టబద్ధంగా దక్కాలి. ఐరోపా సమాఖ్య తన రెండు డిజిటల్ చట్టాల్లో ఇలాంటి బాధ్యతలను ఎంతో కొంత రాసింది. వేదికలు అక్కడి నుంచి పారిపోలేదు. అంతకన్నా పెద్ద సంత అయిన మన దేశం నుంచి పారిపోతాయా?

చట్టం చేస్తే నవకల్పన చచ్చిపోతుందని అప్పుడే గొంతులు లేస్తున్నాయి. కౌలుదారుకు హక్కులిస్తే సేద్యమే పాడవుతుందని ఒకనాటి భూస్వాములు కూడా అన్నారు. హైదరాబాద్ రాష్ట్రంలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. దాని అమలులో లోపాలు, మోసాలు ఎన్నో జరిగాయి. అయినా ఒక సంగతి మాత్రం అది చట్టం పుస్తకంలో రాసిపెట్టింది: నేల మీద పట్టా ఒకటే హక్కు కాదు, దాని మీద పడిన చెమటకు కూడా హక్కుంది. ఆ మాటను డిజిటల్ నేలకు వర్తింపజేయమని అడిగే పార్టీ ఈ పార్లమెంటులో నాకింకా కనిపించలేదు. తమ ప్రచారమంతా ఆ నేల మీదే సాగుతున్నప్పుడు, యజమానితో తగవు పెట్టుకునే తీరిక వారికెక్కడిది? వాళ్లూ కౌలుదారులే. ఆ సంగతి, తమ పేజీ మీద వేటు పడే రోజున తెలుస్తుంది.